ఎగరని పహిల్వాన్ కోసం సికింద్రాబాద్‌కు

సికింద్రాబాద్ వెళ్లొచ్చానంటే ఎవరైనా అడిగేది ఒకటే. చార్మినార్ చూశావా, గోల్కొండ ఎక్కావా, బిర్యానీ ఎక్కడ తిన్నావు? చార్మినార్ చూడలేదు. గోల్కొండ ఎక్కే మోకాళ్లు నావి కావు. బిర్యానీ తిన్నాను గానీ, దాని గురించి చెప్పేవాళ్లకు లోటు లేదు. నేను చూసొచ్చింది టీవీ తెర మీద ఒక లావుపాటి మనిషి నడక. దాని సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను.

ముందు ఈ వీడియో గేమ్ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. తెర మీద ఇద్దరు కుస్తీగాళ్లు ఎదురెదురుగా నిలబడతారు. ఒకణ్ణి మీరు ఆడిస్తారు, రెండోవాణ్ణి పక్కన కూర్చున్న మనిషి ఆడిస్తాడు. తన్నుకోవడం, గుద్దుకోవడం, పట్టుకుని ఎత్తి కుదేయడం. ఎవరి ప్రాణం ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు. ఆటలో చాలామంది యోధులుంటారు. ఆడేవాళ్లు అందులో ఒకణ్ణి ఎంచుకుని ఏళ్లకేళ్లు వాడితోనే కాపురం చేస్తారు.

నేను కాకినాడలో లెక్కల టీచర్ని. పేరు గ్రేస్. నలభై దగ్గర పడుతున్నాయి. తమ్ముడు ఉద్యోగానికి బెంగళూరు పోతూ ఆట పెట్టె ఇంట్లో వదిలేస్తే, దుమ్ము దులుపుదామని కూర్చున్న దాన్ని ఇంక లేవలేదు. నేను ఎంచుకున్నవాడికి ఏదో పరదేశీ పేరుంది, మన నోరు తిరగదు. కాకినాడలో మేం వాణ్ణి బండోడు అంటాం. తలుపంత వెడల్పు. ఒక్కసారి పట్టుకున్నాడంటే ఎదుటివాడి ప్రాణం మూడోవంతు ఎగిరిపోతుంది. కానీ చేతులు పొట్టి, నడక నిదానం. మిగతావాళ్లంతా దూరం నుంచే కొడతారు. అందుకని వాడి బతుకంతా ఒకే ప్రశ్న: దగ్గరికి వెళ్లడం ఎలా? నేనూ లావు మనిషినే, నేనూ నిదానంగానే నడుస్తాను. వాణ్ణి మొదటిసారి చూడగానే నా మనిషి అనిపించింది.

ఈమధ్య ఆ ఆట తయారుచేసేవాళ్లు ఏదో మార్పు చేసి, అసలే నిదానంగా నడిచేవాణ్ణి మరీ నత్తను చేశారు. వాణ్ణి ఆడించేవాళ్లంతా ఒక్కొక్కరే వదిలేశారు. మా ఊళ్లో ముగ్గురం ఒక జట్టు. వచ్చే నెల విశాఖలో ఊళ్ల మధ్య పోటీ ఉంది. జట్టు పెద్ద సురేష్ గారు పోర్టు ఆఫీసులో గుమాస్తా. ఆయన యోధురాలు ఒక బక్క పిల్ల. తెర చివర నిలబడి రెండు చేతులతో నిప్పులు విసురుతుంటుంది కాబట్టి మేం మతాబాల పిల్ల అంటాం. ఒకరోజు ఆయన మర్యాదగానే అన్నాడు: "టీచర్ గారూ, మీరేమీ అనుకోకండి. బండోడు ఇంక పనికిరాడండి. ఇంకొకణ్ణి పట్టుకోండి. లేదంటే విశాఖకి మీ చోట్లో మా తోడల్లుణ్ణి కూర్చోబెడతాను."

ఆయన తోడల్లుడు బాగానే ఆడతాడు. అదే నా ఏడుపు.

అంతకు కొన్ని వారాల ముందు ఆన్‌లైన్ ఆటలో ఎవరో ఇదే బండోడితో సురేష్ గారినే చిత్తు చేశారు. నేను వెతికి పట్టుకుని, ఎలా చేశారని మెసేజ్ పెట్టాను. జవాబు తెలుగులోనే వచ్చింది. రాతలో చెప్పేది కాదట, సికింద్రాబాద్ వస్తే చూపిస్తుందట, వాళ్ల అంగట్లో ఆదివారం పోటీ కూడా ఉందట. పేరు నస్రీన్. సురేష్ గారికి చెబితే పోటీకి ఆయనా పేరిచ్చాడు. "అక్కడ వాడితో నా పిల్ల దగ్గరికి రండి. వస్తే మీ చోటు మీదే" అన్నాడు. ఆ మాట మీద నేను రైలెక్కాను.

రైల్లో పాకం

కాకినాడ మనిషి వట్టి చేతులతో ఎవరింటికీ పోదు. కాజాలు రెండు డబ్బాలు కట్టించాను. ఒకటి సికింద్రాబాద్‌లో ఉండే మా పిన్నికి, ఒకటి ఆ నస్రీన్‌కి. మా గొట్టం కాజా గురించి తెలియనివాళ్లకు చెప్పాలి: పైకి అమాయకంగా కనిపిస్తుంది, కొరికితే లోపలినుంచి పాకం చిమ్ముతుంది. ఒక డబ్బాను నా ఆట మీటల (కంట్రోలర్) పక్కన, అదే సంచిలో పెట్టాను. బడిలో పిల్లలకు ఘనపరిమాణం చెప్పే మనిషి చేయవలసిన పని కాదు.

నా ఎదురు బెర్తులో చీరల వ్యాపారం చేసే ఒకావిడ కూర్చుంది. ఎక్కడికని అడిగింది. ఆడుకోవడానికి అన్నాను. కాసేపు నన్ను పైనుంచి కిందికి చూసి, చెస్సా అంది. కుస్తీ అన్నాను. ఆవిడ తన పులిహోర డబ్బా మూత తీసి సగం నాకు పెట్టింది. ఇంకేమీ అడగలేదు. పులిహోరలో ఆవ ఘాటు బాగా తగిలింది, తుని వైపు చెయ్యి.

పొద్దున సికింద్రాబాద్‌లో దిగి సంచి తెరిస్తే మీటలన్నీ పాకంలో మునిగి ఉన్నాయి. ఒకటి నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది.

రాంగోపాల్‌పేట్

స్టేషన్ బయట ఆటో అతను నూట ఇరవై అన్నాడు. మా ఊళ్లో ఆ డబ్బుకి సగం కాకినాడ తిప్పుతారు. బేరమాడితే ఎనభైకి దిగాడు, దిగినందుకు దారి పొడవునా నన్ను తిట్టకుండా ట్రాఫిక్‌ను తిట్టాడు.

పిన్ని వాళ్లది కింద గోదాం, పైన ఇల్లు. బాబాయి రైల్వే ఆఫీసులో చేసి దిగిపోయాడు, పిన్ని ఇంకా బడిలో చెబుతోంది. భీమవరం నుంచి పెళ్లై వచ్చిన మనిషి ఇక్కడే పాతుకుపోయింది. ఇంట్లో "ఇలా రా" అంటుంది, కిటికీలోంచి కూరల బండివాడితో "గిట్ల ఇస్తే ఎట్లనయ్యా" అంటుంది. మాట మార్చుకోవడానికి ఆవిడకు కిటికీ రెక్క చాలు. నేను తెచ్చిన ఎండు నెత్తళ్ల చేపలు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది. ఆ మధ్యాహ్నం వాటిని మామిడికాయ వేసి వండింది. గోదాం వాళ్లు వాసనకు తలెత్తి చూశారు.

ఎందుకొచ్చానో ఉన్నదున్నట్టు చెప్పాను. పిన్ని విని, నవ్వకుండా నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ బిడ్డ వేళ్లకు బలమియ్యి తండ్రీ. ఎదుటివాళ్లకు గట్టి దెబ్బలు తగలకుండా కూడా నువ్వే చూడు." బాబాయి ఆమేన్ అన్నాడు. మా వాళ్లు దేనికైనా ప్రార్థిస్తారు, గ్యాసు బండ ఆలస్యమైనా. కానీ ఆ పూట నాకు నిజంగానే ధైర్యం వచ్చింది.

రెజిమెంటల్ బజార్, మేడ మీద

నస్రీన్ అంగడిలో, కింద మిలిటరీవాళ్ల సరుకు అమ్ముతారు. టోపీలు, బెల్టులు, భుజం మీద కుట్టుకునే బ్యాడ్జీలు, పేరు చెక్కిన పలకలు, ఆకుపచ్చ రంగు ఇనప ట్రంకు పెట్టెలు. పక్కన ఇరుకు మెట్లు. పైన ఒకే గది, నాలుగు తెరలు, ప్లాస్టిక్ కుర్చీలు. గంటకు అరవై రూపాయలు. ఆడేవాళ్లలో కాలేజీ కుర్రాళ్లు ఉన్నారు, బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు, నా వయసు ఆడమనిషిని మాత్రం నేనొక్కదాన్నే అనుకున్నాను, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నావిడ లేచి నిలబడేదాకా.

నల్ల బురఖా, దాని మీద టైలర్లు వేసుకునే కొలత టేపు. నాకంటే ఐదారేళ్లు పెద్ద. ఆవిడే నస్రీన్. పుట్టిల్లు సిద్దిపేట దగ్గర, తెలుగు మన తెలుగే, మధ్యలో ఉర్దూ తాలింపు. నేను వినయంగా, మీ గురించి చాలా విన్నాను ఆపా అన్నాను. వినయం అక్కడ చెల్లని నాణెం. "వినే ఉంటవ్. పహిల్వాన్‌ని నా లెక్క ఆడేటోళ్లు ఈ రెండు షహర్లల్ల లేరు" అంది. బండోణ్ణి అక్కడ పహిల్వాన్ అంటారు. నా మనిషికి అంత గౌరవమైన పేరు విని నాకు గర్వంగా అనిపించింది.

కాజాల డబ్బా ఇచ్చాను, మీటల సంగతి చెప్పాను. పాకం కారుతున్న నా మీటలను ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మంచి నెయ్యే వాడిండ్రు అంది. తర్వాత అంగడి మీటలు ఒక జత ఇచ్చి కూర్చోబెట్టింది.

ఓడిపోయాను. ఎలా ఓడానో తెలుసుకునేంత సమయం కూడా పట్టలేదు. ఎప్పటిలాగే దూరం నుంచి ఎగిరి మీద పడదామని చూశాను, గాల్లోనే తగిలింది. మళ్లీ ఎగిరాను, మళ్లీ తగిలింది. అయిపోగానే లేవబోతుంటే ఆవిడ కూర్చునే ఉంది. గదిలో ఎవరూ కదల్లేదు.

అప్పుడు చెప్పారు నాకు అక్కడి ఖాయిదా. ఆ గదిలో గెలిచినవాళ్లు ఊరికే లేవకూడదు. ఎందుకు గెలిచారో ఒక్క మాట, ఒకే ఒక్క నిజమైన మాట, ఓడినవాళ్లకు చెప్పి లేవాలి. ఓడినవాళ్లు వాదించకూడదు. "కబూల్" అని ఒప్పుకోవాలి. నికాలో పెళ్లికూతురు చెప్పే మాటే. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఒకరోజు ఓడిన కోపంలో ఇద్దరు కొట్టుకుంటే, నస్రీన్ ఇద్దర్నీ కూర్చోబెట్టి షురూ చేసిందని ఒకరన్నారు. ఆవిడ అవునని గానీ కాదని గానీ అనలేదు.

"నువ్వు ఎగురుతవని నాకు ముందే ఎరుక. అందుకే గెలిచిన" అంది ఆవిడ.

"కబూల్" అన్నాను. నోరు చేదైంది.

మా ఊళ్లో ఎవరి కిటుకు వాళ్లది. గెలిచినవాడు నవ్వి, ఇంకో ఆట వేద్దామా అంటాడు. సురేష్ గారు నన్ను ఎన్నిసార్లు ఓడించారో ఆయనకూ తెలియదు, ఒక్కసారి కూడా ఎందుకని చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే తక్కువైపోతామన్నట్టు ఉంటాం. ఇక్కడ బ్యాంకు ఉద్యోగి ఒక డిగ్రీ కుర్రాడి చేతిలో ఓడి, వాడు చెప్పిన మాట విని, తల ఊపి కబూల్ అని టీ తాగడానికి వెళ్లడం చూస్తే, నేను దేశం దాటి వచ్చానా అనిపించింది.

పైకి ఎగరని మీటలు

రెండో ఆటకు నస్రీన్ వేరే జత ఇచ్చింది. పాతది, అంచులు అరిగిపోయి, మధ్యలో టేపు చుట్టి ఉంది. ఆట మొదలయ్యాక నాకు అర్థమైంది, ఎంత నొక్కినా నా మనిషి ఎగరడం లేదు. పైకి మీట చచ్చిపోయి ఉంది. నేను పాడైపోయిందని చెప్పాను.

"పాడైపోలే. గట్లనే ఉంటది. ఎన్కట ఒకసారి మెట్ల మీదికెల్లి కింద పడ్డది. అప్పుడు నా దగ్గర ఇంకోటి లేకుండె. దాంతోనే నేర్చుకున్న" అంది.

నాకు ఒళ్లు మండింది. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చింది విరిగిన మీటలతో ఆడటానికా? కానీ టీచర్ని కదా, పాఠం మధ్యలో లేచిపోయే పిల్లలంటే నాకే పడదు. కూర్చున్నాను. ఎగరలేకపోతే పరిగెత్తాలి కదా అని పరిగెత్తాను. ఆవిడ కాలు చాచింది, నేను వెళ్లి దాని మీదే పడ్డాను. ఆ ఆటకు ఆవిడ చెప్పిన మాట: "ఉరికేటోళ్లకు ఆగుడు రాదు." కబూల్.

తర్వాత ఆవిడ బ్యాంకు ఉద్యోగితో ఆడింది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. అతను తీసుకున్నది మతాబాల పిల్లను. సురేష్ గారి పిల్ల. నేను చూసొచ్చానని మొదట్లో చెప్పిన నడక అదే.

పిల్ల ఆ చివర. పహిల్వాన్ ఈ చివర. మధ్యలో తెర అంత మైదానం. పిల్ల నిప్పు విసిరింది. పహిల్వాన్ ఎగరలేదు, పరిగెత్తలేదు. ఒక అడుగు నడిచి, చేతులు అడ్డం పెట్టి, నిప్పును ముంజేతుల మీద పగలనిచ్చాడు. గోరంత ప్రాణం పోయింది. ఇంకో అడుగు. ఇంకో నిప్పు. మళ్లీ చేతులు. నేను ఎప్పుడూ పోయిన ఆ గోరంతనే చూసి బెంబేలెత్తేదాన్ని. ఆవిడ చూస్తున్నది సంపాదించిన అడుగును. నిప్పుకీ నిప్పుకీ మధ్య పిల్ల ఊపిరి తీసుకునేంత సందు ఉంటుంది, ఆ సందులోనే ఈయన నడక. పిల్ల వెనక్కి జరిగింది. కానీ తెరకు అంచు ఉంటుంది, గోడ ఉన్నట్టే. వెనక్కి జరిగే కొద్దీ ఆమెకు చోటు తగ్గిపోతోంది, అది ఈయన కొట్టి తగ్గించింది కాదు, నడిచి తగ్గించింది.

కొంత దూరంలో పహిల్వాన్ ఆగిపోయాడు. పిల్ల తన్నింది. కాలు ఆయన ముక్కు ముందు గాలిని కోసి వెనక్కి పోయింది. ఆ కాలు వెనక్కి పోతున్నప్పుడు, దానితో పాటే, ఆయన లోపలికి వెళ్లాడు. తలుపు మూసేలోపు లోపలికొచ్చే చుట్టంలాగ. ఇంక పిల్ల వెనక గోడ, ముందు పహిల్వాన్. ఆయన ఏమీ చేయలేదు. ఊరికే నిలబడ్డాడు. పట్టుకుంటాడేమోనన్న భయంతో బ్యాంకు ఉద్యోగే పిల్లను పైకి ఎగిరించాడు. దిగే చోట పహిల్వాన్ చేతులు చాచి ఉన్నాడు.

నేను చర్చిలో తప్ప ఎక్కడా కళ్లు చెమర్చే మనిషిని కాదు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. నా నిదానపు మనిషి, అందరూ వదిలేసినవాడు, ఎంత అందంగా నడిచాడో. ఆ నడకలో ఎక్కడా తొందర లేదు, ఎక్కడా దైన్యం లేదు.

మోండా మార్కెట్

శనివారం నా మీటలు బాగుచేయడానికి స్పిరిట్, చిన్న బ్రష్ కావాలంటే నస్రీన్ తనే తీసుకెళ్లింది. పని స్పిరిట్ సీసాది, కానీ మోండా మార్కెట్ మీదుగా వెళ్లకపోతే ఆవిడకు తోచదు. గోంగూర కట్టలు, నిమ్మకాయల గుట్టలు, అరుపులు. మా ఊరి మార్కెట్లో అమ్మేవాళ్లు మనల్ని పిలుస్తారు, ఇక్కడ మనం పిలిచినా వాళ్లు పక్కవాడితో మాట్లాడుతుంటారు. నిమ్మకాయలు మాత్రం చవకే.

జనంలో నేను వెనకబడ్డాను. నాకు దారి కావాలంటే ఆగి, ఎవరైనా జరుగుతారేమోనని చూస్తాను. లేదా సందు దొరికిందని ఒక్కసారిగా దూరి ఎవరి బుట్టకో తగులుకుంటాను. నస్రీన్ రెండూ చేయదు. అడుగు వేస్తుంది, ఎవరైనా ఎదురైతే ఉన్నచోటే నిలబడుతుంది, వెనక్కి మాత్రం జరగదు. వాళ్లే తప్పుకుంటారు. మోకాళ్ల నొప్పి ఆవిడకూ ఉందని మెట్లు దిగేటప్పుడు తెలిసింది. ఎవరి నడక ఎవరికి వచ్చిందో, ఆవిడది పహిల్వాన్‌కా, పహిల్వాన్‌ది ఆవిడకా, నేను అడగలేదు.

మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనం. ఖట్టీ దాల్, వేయించిన మాంసం, అన్నం. పప్పులో పులుపు మన పప్పుచారుకు అక్కలాగ ఉంది, చిక్కగా, గంభీరంగా. నేను రెండోసారి వడ్డించుకుంటే ఆవిడ తృప్తిగా చూసింది. కాజా తింటూ బురఖా మీద పాకం పడితే, కాకినాడోళ్ల మిఠాయి సుత ఎగిరి మీద పడుతదని వెక్కిరించింది.

ఆ సాయంత్రమంతా టేపు చుట్టిన మీటలతోనే ఆడాను. ఓడుతూనే ఉన్నాను, మాటలు మూటగట్టుకుంటూనే ఉన్నాను. ఒకసారి ఆవిడ దాకా వెళ్లగలిగాను. నిజంగా, గోడ దాకా నెట్టి, పక్కన నిలబడ్డాను. ఆ సంతోషంలో ఏం చేయాలో మర్చిపోయాను. ఆవిడ నన్ను ఎత్తి కుదేసింది. "దగ్గరికొచ్చినంక ఖుషీ అయినవ్. జెర ఆగి ఖుషీ కావాలె" అంది. గది అంతా నవ్వింది. నేను కూడా నవ్వి కబూల్ అన్నాను. ఈసారి నోరు చేదు కాలేదు.

ఆదివారం

పొద్దున ఆరాధనకు వెళ్లకుండా పిన్ని కదలనివ్వదు. పాత రాతి చర్చి, ఎత్తు కిటికీలు. మా కీర్తనలే, రాగాలే, కానీ మా ఊళ్లో ఉరుకులు పెట్టించే పాటను ఇక్కడ ఒక్కో మాటా నిలబెట్టి పాడుతున్నారు. ఇంకోరోజైతే విసుక్కునేదాన్ని. ఆ రోజు బాగుంది.

మధ్యాహ్నం మేడ మీద గది నిండిపోయింది. పిన్నీ బాబాయీ కూడా వచ్చారు. పిన్ని ట్రంకు పెట్టె ధర అడిగి, కొనకుండా పైకి వచ్చింది. సురేష్ గారు ఇస్త్రీ చొక్కాతో దిగాడు. నా మీటలు నస్రీన్ రాత్రికి రాత్రే శుభ్రం చేసి ఉంచింది. అన్నీ పనిచేస్తున్నాయి, పైకి మీట కూడా.

మొదటి ఆటలో ఒక కాలేజీ కుర్రాడి మీద గెలిచాను. నువ్వు ప్రతిసారీ ఒకే లయలో విసిరావు బాబూ అని చెప్పి లేచాను. కబూల్ ఆంటీ అన్నాడు. రెండో ఆటకు చీటీ తీస్తే సురేష్ గారు.

మూడు పట్టుల ఆట. మొదటిది నేను తీసుకున్నాను. ఆయన నేను ఎగురుతానని కాచుకుని కూర్చున్నాడు, ఏళ్ల అలవాటు, నేను ఎగరలేదు. నడిచాను, ఆగాను, అడ్డం పెట్టాను, నడిచాను. ఆయన పిల్ల వీపు గోడకు తగిలినప్పుడు పక్క కుర్చీలోంచి ఆయన ఊపిరి నాకు వినిపించింది. రెండోది ఆయన తీసుకున్నాడు. నేను కంగారుపడి ఒకసారి ఎగిరాను, అంతే, గాల్లోనే దొరికాను. వెనకనుంచి నస్రీన్ నిట్టూర్పు వినబడింది.

మూడోది. ఇద్దరి ప్రాణాలూ అడుగంటాయి. నేను మైదానమంతా నడిచి వచ్చాను. ఎలా వచ్చానో చెప్పమంటే చెప్పలేను, ఒక్కో నిప్పు ముంజేతుల మీద పగులుతుంటే ఇంకో అడుగు, ఇంకో అడుగు అనుకున్నాను. పిల్ల గోడకు ఆనుకుంది. నేను చెయ్యి చాపితే అందేంత దగ్గర. ఒక్క పట్టు చాలు. గెలుపు, నా బండోడి పరువు, అన్నీ ఆ జానెడు దూరంలో ఉన్నాయి. నేను పట్టుకోబోయాను. అదే క్షణంలో పిల్ల పిడికిలి పైకి లేచింది. నా మనిషి వెనక్కి పడిపోయాడు.

ఓడిపోయాను. చప్పట్లు కొట్టారు. సురేష్ గారు చెమట తుడుచుకుంటూ లేచాడు.

"చెప్పి లేవాలె భాయ్" అంది నస్రీన్.

ఆయనకు ఖాయిదా తెలియదు. ఒక కుర్రాడు వివరించాడు. మొహమాటపడుతూ ఆయన మళ్లీ కూర్చున్నాడు. నేను ఆయన వైపు చూడలేదు, చేతుల్లో మీటలనే చూస్తున్నాను. ఏం చెబుతాడో తెలుసు. బండోడు నిదానం అంటాడు, ఎంత నడిచినా అంతే అంటాడు. దానికి నేను అందరి ముందూ కబూల్ అనాలి.

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. "అబద్ధం చెప్పకూడదంటున్నారు కాబట్టి చెబుతున్నానండి. టీచర్ గారు అంత దగ్గరికి వచ్చేసరికి నాకు భయమేసింది. కళ్లు మూసుకుని ఏదో నొక్కేశాను. అది తగిలింది."

నేను మీటలు కింద పెట్టి, ఆయన వైపు తిరిగి కబూల్ అన్నాను.

వెనక్కి

వచ్చేటప్పుడు ఆ టేపు చుట్టిన మీటలు నాకు ఇమ్మని అడిగాను. నస్రీన్ ఇవ్వలేదు. "అది నాది. నీ పైకి మీట మీదికి వేలు పోకుండ నువ్వే చూస్కో" అంది. మెట్ల దాకా వచ్చి, భుజానికి కుట్టుకునే బ్యాడ్జీ ఒకటి చేతిలో పెట్టింది. కుస్తీ పట్టే ఇద్దరు మనుషుల బొమ్మ, ఏదో పటాలంవాళ్లు వద్దని వదిలేసినదట. పిన్ని దాన్ని నా సంచికి కుట్టి పంపింది.

రైల్లో సురేష్ గారు నాకు ఎదురు సీటు. సామర్లకోట దాటేదాకా పోటీ మాట ఎత్తలేదు. దిగడానికి సంచి సర్దుకుంటూ, విశాఖకి బండోడితోనే రండి అన్నాడు. పహిల్వాన్ అనండి అన్నాను. నవ్వలేదు, తలూపాడు.

తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే వాళ్లింటి ముందుగదిలో కూర్చున్నాం. నేను, ఆయన, ఆ రోజు రాని మా మూడో మనిషికి బదులు ఆయన తోడల్లుడు. ఆ రోజు మొదటి ఆటలోనే నేను సురేష్ గారి పిల్లను గోడకు చేర్చి, జెర ఆగి, పట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఆయన మీద నా మొదటి గెలుపు. తోడల్లుడు నోరు తెరిచి చూస్తున్నాడు. వాళ్లావిడ కాఫీకి పిలుస్తుంటే సంతోషంగా లేచాను.

సురేష్ గారు లేవలేదు. మీటలు ఒళ్లో పెట్టుకుని నా ఖాళీ కుర్చీ వైపు చూపించాడు.

"చెప్పి లెగండి టీచర్ గారూ" అన్నాడు.

నేను మళ్లీ కూర్చున్నాను.